శనివారం ప్రాక్టీస్: ఇయర్‌ప్లగ్స్ మర్చిపోవద్దు

అందరికీ నమస్తే. శనివారం సాయంత్రం 5 గంటలకు డ్రమ్స్, స్పీకర్లతో ఫుల్ ప్రాక్టీస్. ప్రతి ఒక్కరూ ఇయర్‌ప్లగ్స్ తెచ్చుకోండి, ప్లీజ్.

85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు దాటి ఉండకూడదని అమెరికాలో పనిచేసేవాళ్ల ఆరోగ్యం, భద్రత చూసే నియోష్ సంస్థ చెబుతోంది, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైమ్ సగానికి పడిపోతుంది, అంటే 100 దగ్గర 15 నిమిషాలే! డ్రమ్స్ పక్కన అంత శబ్దం తేలిగ్గా వస్తుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు, నా భయమంతా అదే.

ఫోమ్ ప్లగ్‌ని సన్నగా నలిపి, చెవిని పైకి, వెనక్కి లాగి లోపల పెట్టి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోండి. మధ్యమధ్యలో బయటికెళ్లి చెవులకు రెస్ట్ ఇద్దాం.

చెవుల్లో గుయ్‌మని మోత వస్తుంటే దాచుకోకుండా చెప్పండి. ప్లగ్స్ లేనివాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే మెసేజ్ పెట్టండి, నేను తెస్తాను.