గోడల మీది యోగా బొమ్మలను చిత్రకారులకు అప్పగించాలి

సంపాదకుడు గారికి,

2015 నుంచి ఏటా జూన్ 21న జరుపుకుంటున్న అంతర్జాతీయ యోగా దినోత్సవం దగ్గరపడగానే, ఒడిశా సరిహద్దులో తెలుగువాళ్లం గణనీయంగా ఉన్న మా పట్టణాల్లో ప్రభుత్వ ప్రహరీల మీద ఆసనాలు వేస్తున్న స్త్రీల బొమ్మలు వెలుస్తున్నాయి. ప్రజాధనంతో ఆడవారి బొమ్మను ఊరి నడిబొడ్డున వేయించడం మంచిదే. ఆ బొమ్మ ఎలా ఉండాలో కాంట్రాక్టరు నిర్ణయించడం మీదే నా అభ్యంతరం. ఫోనులో దొరికిన నమూనా ముందు పెట్టుకుని గీయించడం వల్ల గోడ గోడకీ అదే తెల్లని సన్నని యువతి, వెనుక అదే సూర్యబింబం, కింద ఒక నినాదం. నినాదంలోని అక్షరాలు ఆమె తలకన్నా పెద్దవి.

వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబడిన మనిషిని కాసేపు గమనించండి. నేల మీది పాదం కదలనట్టే కనిపిస్తుంది కానీ, మడమ దగ్గరా వేళ్ల దగ్గరా బరువు అనుక్షణం సర్దుకుంటూనే ఉంటుంది. పైకి తెలియని ఆ శ్రమను పట్టుకోగలిగిన బొమ్మలో స్త్రీ బలం ఏ నినాదమూ లేకుండానే చూసేవారికి అందుతుంది. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1935లో చిత్రించిన ముగ్గురు యువతులు ఏ ఆసనమూ వేయరు, ఊరికే కూర్చుని ఉంటారు; అయినా వారి మౌనం ముందు చూపరి తన అడుగు ఆపుకోవలసి వస్తుంది. చిత్రకారుడు తోట వైకుంఠం గీసిన తెలంగాణ స్త్రీలు నల్లని మేనితో, పెద్ద బొట్టుతో నిండుగా నిలబడతారు. భువనేశ్వర్ సమీపాన హీరాపుర్‌లో, పైకప్పు లేని గుండ్రని చౌసఠీ (అరవైనాలుగు) యోగినీ దేవతల ఆలయపు గూళ్లలో 9వ శతాబ్దపు శిల్పులు మలచిన యోగినులైతే ఒక్కొక్కరిదీ ఒక్కో ముఖం, ఒక్కో భంగిమ. అంత వైవిధ్యం ఎదురుగా ఉన్న రాష్ట్రంలో మనం ఒకే యువతిని పదే పదే అచ్చు వేసుకుంటున్నాం.

గుణుపురం సబ్‌డివిజన్‌లోని పుట్టాసింగ్ వైపు లాంజియా సవర గిరిజనులు ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో వేసే ఇడితాల్ చిత్రకళకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) లభించింది. పుల్లల్లాంటి సన్నని గీతలతోనే అందులోని మనుషులు మోస్తారు, ఎక్కుతారు, ఆడతారు; శరీరం బరువును ఎలా భరిస్తుందో తెలిసిన చేతులవి. అయితే ఇడితాల్ దేవతలకూ పితరులకూ ఇంటి లోపల వేసే బొమ్మ కాబట్టి, దానిని తెచ్చి కార్యాలయాల ప్రహరీలకు అలంకారం చేయమని నేననడం లేదు. ఏది బయట గీయవచ్చో, ఏది కూడదో సవర చిత్రకారులే చెప్పాలి, వారిని ముందుగా అడగాలి.

సంతలో కూరగాయల గంప ముందు పొద్దుటి నుంచి గొంతుకూర్చునే ఆడవారిని చూస్తున్నాం. యోగా శిక్షకులు మాలాసనమని నేర్పేది దాదాపు ఆ భంగిమనే. ఆమెకు గోడ మీద చోటెందుకు లేదో నాకు అర్థం కాదు. చీర కట్టిన నడివయసు స్త్రీ ఆసనం వేస్తే యోగా విలువ తగ్గిపోతుందా?

మరొక సంగతి కేవలం పనికి సంబంధించినది. జూన్ రెండో వారంలో హడావిడిగా పని మొదలుపెట్టేసరికి తొలకరి జల్లులకు గోడ నెమ్మెక్కి, రంగు పట్టక ఏడాది తిరగకుండానే పెచ్చులు లేస్తోంది. జనవరిలోనే తెలుగు, ఒడియా, సవర చిత్రకారుల నుంచి, ముఖ్యంగా స్త్రీల నుంచి, నమూనాలు కోరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో గోడ ఎండుగా ఉన్నప్పుడు పని పూర్తి చేయించాలని మున్సిపల్ అధికారులకు విజ్ఞప్తి చేస్తున్నాను. రంగులు, కూలి ఖర్చులతో కలిపేయకుండా చిత్రకారుల పారితోషికాన్ని ఎస్టిమేటులో వేరే పద్దుగా చూపాలి. బొమ్మ కింద కాంట్రాక్టరు ఫోను నంబరుకు బదులు దానిని వేసినవారి పేరు రాయించాలి.

– ఒక పాఠకురాలు,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా