ఉష్ట్రపక్షి అని రాయాలి, ఉష్ణపక్షి అని కాదు

గౌరవనీయులైన సంపాదకులకు,

ఇటీవల మీ పిల్లల పేజీలో నిప్పుకోడి గురించి రాస్తూ, దానికి 'ఉష్ణపక్షి' అనే పేరు కూడా ఉందనీ, వేడి ప్రదేశాలలో బతుకుతుంది కనుక ఆ పేరు వచ్చిందనీ వివరించారు. పిల్లల రాతల్లో ఈ తప్పు తరచుగా కనిపిస్తున్నందున, పత్రిక కూడా దానిని బలపరచడం బాధ కలిగించి ఈ లేఖ రాస్తున్నాను.

సరైన మాట ఉష్ట్రపక్షి. సంస్కృతంలో ఉష్ట్రమంటే ఒంటె. పొడవాటి మెడ, ఎత్తయిన కాళ్లు, రెండే వేళ్లున్న పాదాలు, నీటి ఎద్దడి ఉన్న నేలల్లో మనగలిగే శక్తి చూసినవారికి ఒంటె గుర్తుకు రావడం సహజమే. పారశీకులు దీనిని షుతుర్‌ముర్గ్, అంటే ఒంటెపక్షి, అన్నారు; అదే మాట ఉర్దూ ద్వారా హైదరాబాదు వారికీ పరిచయం. గ్రీకులు పిచ్చుకకు వాడే స్ట్రూథోస్ అనే మాటకు ఒంటెను జోడించి స్ట్రూథోకామెలోస్ అని పిలిచారు. 1758లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ స్థిరపరచిన స్ట్రూథియో కామెలస్ అనే శాస్త్రీయ నామంలోనూ ఆ ఒంటె అలాగే నిలిచి ఉంది. ఇన్ని భాషలు ఒకే పోలికను పట్టుకున్న ఈ పేరును ఒక్క ఒత్తు మార్చి వేడికి అంటగట్టడం అన్యాయం.

ఈ పొరపాటుకు నిప్పుకోడి అనే మన మాట కొంత కారణమై ఉండవచ్చు. తమిళులు కూడా దీనిని తీక్కోళి, నెరుప్పుక్కోళి అంటారు. ఈ పక్షి నిప్పుకణికలను, కాలిన ఇనుమును సైతం మింగి అరిగించుకుంటుందని అరబ్బులలో పూర్వం ఒక నమ్మకం ఉండేది. ఐరోపా రాజచిహ్నాలలో దీనిని ముక్కున గుర్రపు నాడా కరచుకున్నట్లు చిత్రించేవారు. మేత నలగడానికి రాళ్లు మింగే దాని అలవాటు నుంచి ఇటువంటి కథలు పుట్టి ఉంటాయి. మన పేరులోని నిప్పుకు మూలం ఎండవేడిమి కంటే ఈ నమ్మకమే కావచ్చునని నాకు తోస్తున్నది.

అదే పేజీలో ఈమూ బొమ్మ కింద నిప్పుకోడి అని వేయడం మరొక పొరపాటు. ఈమూ ఆస్ట్రేలియా పక్షి, దాని పాదానికి మూడు వేళ్లుంటాయి. పేరు పోర్చుగీసు 'ఎమా' నుంచి వచ్చింది. కోళ్లఫారాల్లా ఈమూ ఫారాలు నడిచిన మన రాష్ట్రంలో ఈ తేడా చెప్పడం కష్టం కాదు.

ప్రకాశం జిల్లాలో సుమారు 41 వేల ఏళ్ల నాటి నిప్పుకోడి గూటి ఆనవాళ్లు దొరికినట్లు 2024లో పరిశోధకులు ప్రకటించారు. ఒకప్పుడు మన నేల మీదే గుడ్లు పెట్టిన పక్షి పేరును మన పిల్లలు తప్పుగా నేర్చుకోకూడదు కనుక, వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే పరిమాణంలో సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు, ఒంగోలు