బొంగు చికెన్ బండి అక్కకి

పెళ్లై పదేళ్లు నిండాయని మొన్న మా ఆయనా నేనూ అరకు వెళ్లాం. పిల్లలు పుట్టాక మేమిద్దరమే ఊరు దాటడం ఇదే మొదటిసారి. ఆరేళ్ల పాపనీ, మూడేళ్ల బాబునీ విశాఖలో అత్తయ్య దగ్గర వదిలాం. కిరండూల్ రైలెక్కి దారిలో సొరంగాలన్నీ లెక్కపెడదామని కూర్చుని, ఇరవై దగ్గరే లెక్క తప్పాం. బొర్రా గుహల మెట్లు దిగుతున్నా 'వాడు అన్నం తిన్నాడో లేదో' అన్న గోలే నాకు.

అసలు చిక్కు రాత్రి ఎనిమిదికి. ఇంట్లో ఆ వేళకి లైటు తీసేసి, నా జడ కొస వేలికి చుట్టుకుని, ఏడు చేపల కథ వింటేగానీ వాడు పడుకోడు. నా ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది, ఆయన ఫోన్‌కి సిగ్నల్ లేదు. రోడ్డు పక్కన బొంగులు కాలుస్తున్న మిమ్మల్ని అడిగాం. చెయ్యి కొంగుకి తుడుచుకుని ఫోన్ ఇచ్చేశారు. ఎవరికని కూడా అడగలేదు.

"చేపా చేపా ఎందుకు ఎండలేదు" దగ్గర మొదలెట్టి గడ్డిమేటు, ఆవు, పాలేరు దాటేసరికి మీరూ చెవి ఇటు పడేశారు. చీమ వంతు రాగానే "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా!" అని నాకంటే ముందే అనేశారు. అవతల వాడు పకపకా నవ్వాడు. ఈలోగా మీ బొంగొకటి మాడింది కూడా.

డబ్బిస్తే తీసుకోలేదు. మీ పేరైనా అడగకపోవడం నా తప్పే. చాలా థాంక్స్ అక్కా. ఇప్పుడు రోజూ చీమ మాట 'అరకు పెద్దమ్మలా' చెప్పమంటున్నాడు, నాకేమో ఆ గొంతు రావట్లేదు.