ఒక్క మాట, మూడు గణాలు

ఒరేయ్ రవీ,

అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? "ఇటాలియన్ మనకి ఈజీ కదరా, మాటలన్నీ అచ్చులతోనే ముగుస్తాయిగా" అన్నావు చూడు, దానికి ఫోన్లో జవాబు చెప్పడం కుదరక ఈ ఉత్తరం.

అచ్చుల వరకు నిజమే. ద్విత్వాలూ మనకి మంచినీళ్లప్రాయం. 'పర్లెరేమొ' అంటే మాట్లాడతాం, 'పర్లెరెమ్మొ' అంటే వీలైతే మాట్లాడేవాళ్లం. కల, కల్ల తేడా తెలిసి పెరిగినవాళ్లం కదా, క్లాసులో కాలర్ ఎగరేశాను.

మర్నాడే దిగింది ఆ కాలర్. 'వాళ్లు నివసిస్తారు' అనే మాటని 'అబితానొ' అని చదివా. టీచరమ్మ బల్ల మీద తట్టి 'ఆ-బి-త-నొ' అంది. ఊనిక, అంటే నొక్కి పలకడం, వెనక నుంచి నాలుగో అక్షరం మీదట! నేను 'ఆబితొ', మనం 'అబిత్యామొ', మీరు 'అబితాతె'. ఊనిక ప్రత్యయం మీదికి దూకి, 'వాళ్లు' అనగానే మళ్లీ ధాతువు దగ్గరికి పరిగెత్తుతుంది. లాటిన్‌లో ఆ మాట 'హాబితంత్', మూడక్షరాలే. చివరి 'ఒ' తర్వాత అతికింది. ఊనిక మాత్రం పాత ఇల్లు ఖాళీ చెయ్యలేదు.

చూడటం 'వెదేరె', రాయడం 'స్క్రీవెరె'. రాతలో రెండిటి తోకా ఒకటే, మరి ఊనికలో ఈ తేడా ఎక్కడిది? ఇదీ లాటిన్ పుణ్యమే. అక్కడ చివరి నుంచి రెండోది గురువైతే ఊనిక దాని మీద, లఘువైతే దాని ముందుదాని మీద. దీర్ఘాలు పోయాయి, ఊనిక మిగిలింది. (మినహాయింపులున్నాయిలే, వాటి జోలికి పోను.)

అసలు తమాషా ఇది. 'కాపితొ' అంటే నేను అనుకోకుండా వచ్చిపడతాను. 'కపీతొ' అంటే అర్థమైంది. చివర నొక్కితే, అతను వచ్చిపడ్డాడు. ఆఖరిదానికే అచ్చు మీద చిన్న గీత పెడతారు, మిగతా రెండూ కాగితం మీద ఒకేలా ఉంటాయి. మన లిపిలోనైతే దీర్ఘంతో దొరికిపోతాయి, ఎందుకంటే ఊనిక పడ్డ అక్షరం అచ్చుతో ముగిస్తే, మాట చివర తప్ప, వాళ్ల నోట్లో కాస్త సాగుతుంది. ఊనికని గురువు అనుకో: భగణం, జగణం, సగణం!

అప్పట్నుంచి క్రియలన్నిటికీ గురులఘువులు గీస్తున్నా. పక్క సీటు బ్రెజిల్ అమ్మాయి అదేం మంత్రమని అడిగింది. నీ పదో తరగతి ఛందస్సు నోట్సు అటక మీద ఉంటే ఫొటో తీసి పంపరా, నాకు యగణం దగ్గర తికమకగా ఉంది.

నీ
కిట్టు