హెచ్చరిక చూపిస్తే సరిపోతుందా? స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ ఛైర్మన్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తుంటాను. నిరుడు మా మేనల్లుడు తన చెల్లెలి పెళ్లికి దాచిన డబ్బంతా ఆప్షన్లలో, అంటే షేర్లను ముందే అనుకున్న ధరకు కొనే, అమ్మే హక్కుల బేరంలో, పోగొట్టాడు. సంగతి తెలిశాక మా అక్క రెండు రోజులు అన్నం ముట్టలేదు. వాడి పక్కన కూర్చుని ఫోన్ చూశాను. ట్రేడింగ్ యాప్ తెరవగానే హెచ్చరిక వచ్చింది, ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో) పది మందిలో తొమ్మిది మందికి నష్టమేనని. చదివే లోపే వాడి బొటనవేలు కింది బటన్ నొక్కేసింది. అలవాటైపోయింది.

2023 జులై నుంచి ఆ హెచ్చరిక మీ సంస్థే పెట్టించింది. అయినా 2021-22 నుంచి 2023-24 వరకు అందులో 93 శాతం వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారనీ, మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైగా పోయిందనీ మీ అధ్యయనమే చెప్పింది.

1992 దాకా కంపెనీ కొత్త షేరు ఎంతకు అమ్మాలో ఒక చట్టం ప్రకారం ప్రభుత్వ కంట్రోలరే తేల్చేవారు. ఆ చట్టం పోయాక, సమాచారం బయటపెడితే చాలు, ధర మార్కెట్టే తేలుస్తుందనే పద్ధతి వచ్చింది. అందుబాటులో ఉన్న సమాచారమంతా ధరలోనే ఇమిడి ఉంటుందని 1970లో ఆర్థికవేత్త యూజీన్ ఫామా చెప్పిన సిద్ధాంతానికి ఇది దగ్గరి చుట్టం. పాత కంట్రోలర్ మళ్లీ రావాలని నేననను. కానీ ఆ 1970లోనే జార్జ్ అకర్లాఫ్ అనే ఇంకో ఆర్థికవేత్త ఇంకోటి చూపించారు: అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియకపోతే మార్కెట్టే చెడిపోతుందని.

మా యార్డులో ఇది అందరికీ తెలుసు. టిక్కీ (మిర్చి బస్తా) కోసి, గుప్పెడు కాయలు తీసి, విరిచి, తేమ చూసి గానీ వ్యాపారి ధర చెప్పడు. తాలు కాయ కలిస్తే అక్కడే దొరికిపోతుంది. మా వాడు ఏం విరిచి చూడాలండీ? 2023-24లో ఈ మార్కెట్లో విదేశీ సంస్థల లాభాల్లో 97 శాతం అల్గారిథమ్ ట్రేడింగ్, అంటే కంప్యూటర్ ప్రోగ్రాములతో కొనడం, అమ్మడం, చేసేవాళ్లకే వెళ్లిందని మీ నివేదికలోనే ఉంది.

2024 నవంబరులో నిఫ్టీ లాంటి ఇండెక్స్‌ల మీద ఒక్కో ఎఫ్ అండ్ ఓ కాంట్రాక్టు కనీస విలువ 15 లక్షలు చేశారు. ఆప్షన్ కొనేవాడు కట్టేది ఆ మొత్తం విలువ కాదు, ఆ హక్కు ధర అయిన ప్రీమియం ఒక్కటే, కాబట్టి అది వాణ్ణి ఆపదు. ఎఫ్ అండ్ ఓ ఖాతాకు ఆదాయ రుజువు ఎలాగూ అడుగుతున్నారు. నెలకు ఎంతవరకు పెట్టొచ్చో ఆ ఆదాయాన్ని బట్టి బ్రోకరే ఆపేలా రూలు పెట్టండి. హెచ్చరికలో దేశం లెక్క బదులు, వాడు ఇప్పటిదాకా పోగొట్టుకున్న సొమ్మెంతో తెలుగులో పెద్ద అక్షరాల్లో చూపించండి. మా మేనల్లుడి మొత్తం నష్టం ఎంతో కాగితం మీద కూడి వాడికి చూపించింది నేనే. అంతవరకు వాడికీ తెలియదు.

ఇట్లు,
ఒక గుమస్తా,
మిర్చి యార్డు, గుంటూరు