శ్లాబులో బ్యాక్టీరియా కలుపుతావటరా?

విశాఖపట్నం

ఒరే రాంబాబూ,

పెదవాల్తేరు ఇంటి శ్లాబులో బ్యాక్టీరియా కలిపితే జన్మలో బీటలుండవని ఎవరో చెప్పారని రాశావు. అబద్ధం కాదురా, కానీ నీకు సగమే చెప్పారు.

ముందు మన ఊరి జబ్బేటో చూడు. బీచిరోడ్డు పక్కన పాత అపార్ట్‌మెంట్ల సన్‌షేడ్ల కిందకి తలెత్తి చూస్తే పెచ్చులూడి ఊచలు వేలాడుతుంటాయి. సన్న బీటల్లోంచి తేమ, ఉప్పు ఇనుము దాకా పోతాయి. తుప్పుకి ఇనుము కన్నా రెండు మూడు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ చోటు కావాలి. అందుకే లోపల్నించి పెచ్చుని తన్నేస్తుంది. బ్యాక్టీరియా చేసేదల్లా ఆ బీటని సున్నపురాయితో పూడ్చడం. తుప్పు మొదలయ్యాక దానివల్ల ఒరిగేదేమీ లేదు.

బాసిల్లస్ జాతివాటికి తిండీ నీళ్లూ లేకపోతే గింజలా ముడుచుకుని ఏళ్ల తరబడి పడుండే గుణం ఉంది. అలా ముడుచుకున్నదాన్నే స్పోరు అంటారు. పీహెచ్ 12, 13 ఉండే సిమెంటు ఘాటుకీ అది చావదు. బీట పడి నీళ్లూ గాలీ దిగితే మేలుకుని, పక్కనే పెట్టిన కాల్షియం లాక్టేట్ తిని కాల్షియం కార్బనేట్ చేస్తుంది. అది వదిలే కార్బన్ డయాక్సైడ్ కూడా సిమెంటులోని సున్నంతో కలిసి మళ్లీ అదే అవుతుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీలో హెంక్ యోంకర్స్ బృందం 2011లో ప్రచురించిన పరీక్షలో, 100 రోజులు నీళ్లలో ఉంచితే 0.46 మి.మీ. వెడల్పు దాకా బీటలు మూసుకున్నాయి. బ్యాక్టీరియా లేని మామూలు ముక్కల్లోనూ 0.18 మి.మీ. దాకా వాటంతటవే మూసుకున్నాయి. ఈ రెండో అంకె మర్చిపోకు. వెంట్రుకంత బీట పూడిందని ఫొటో చూపించి అమ్మేవాడిని, మామూలు ముక్క ఫొటో కూడా పక్కన పెట్టమను.

స్పోర్లని నేరుగా కాంక్రీటులో పోసేస్తే ఇంకో చిక్కు. సిమెంటు గట్టిపడేకొద్దీ లోపలి రంధ్రాలు మైక్రాన్ కన్నా చిన్నవైపోతాయి, స్పోర్లు నలిగిపోతాయి. అలా వేసినవి నాలుగు నెలలకి మించి పనిచేయలేదు. అందుకే వాటిని కాల్చిన తేలిక మట్టిగుళ్లలో ఇంకించి వేస్తారు. అయితే పిక్క తగ్గి ఆ గుళ్లు పెరిగితే కాంక్రీటు బలం పడిపోతుంది. నాకైతే శ్లాబుకి ఈ బేరం నచ్చలేదు. సంపుకీ, ఓవర్‌హెడ్ ట్యాంకుకీ, సెల్లారు గోడకీ బావుంటుంది. అక్కడ తడి ఎప్పుడూ ఉంటుంది, తడి లేకపోతే ఇవి లేవవు. ఎండకి సాగి ముడుచుకునే బీటలోనైతే పూడిన సున్నం మళ్లీ పగులుతుంది.

కాంక్రీటు బలం పెంచడానికి బ్యాక్టీరియా కలపడం వేరే సంగతి. పరీక్షల్లో ఎక్కువగా మంచి ఫలితమిచ్చింది కలిపే నీళ్లలో మిల్లీలీటరుకి లక్ష కణాలు. తెచ్చిన ద్రావణంలో మిల్లీలీటరుకి పది కోట్లుంటే లీటరు నీళ్లకి ఒక మిల్లీలీటరు చాలు. 50 కిలోల సిమెంటు బస్తాకి, కిలోకి 0.45 లీటరు చొప్పున 22.5 లీటర్ల నీళ్లు, అంటే 22.5 మి.లీ. ద్రావణం. దగ్గుమందు మూతతో రెండు మూతల పైచిలుకు, అంతే! ఎక్కువ పోస్తే బలం తగ్గిన సందర్భాలున్నాయి. కణాలు పెంచిన పులుసు కడగకుండా పోస్తే అందులో తిండిగా వేసిన పెప్టోన్, చక్కెర సిమెంటుని తొందరగా గట్టిపడనివ్వవు, మర్నాడు పక్క చెక్కలు విప్పేవాడు తిట్టుకుంటాడు. కాల్షియం కోసం కాల్షియం క్లోరైడ్ కలుపుతానంటే వద్దను, క్లోరైడే ఊచకి శత్రువు. సముద్రం పక్క బోరునీళ్లు కూడా పరీక్ష చేయించు, ఇనుమున్న కాంక్రీటుకి లీటరుకి 500 మి.గ్రా. క్లోరైడ్ దాటకూడదు. సెప్టిక్ ట్యాంకులో పోసే పొడి మాత్రం ఇది కాదురా బాబూ!

ఎవరి మాటా నమ్మక్కర్లేదు. ఒకే రోజు, ఒకే సిమెంటుతో, 150 మి.మీ. కాంక్రీటు క్యూబులు బ్యాక్టీరియా కలిపినవి ఆరు, కలపనివి ఆరు పోయించు. ఒక్కో రకంలో మూడు 7వ రోజు, మూడు 28వ రోజు నలగ్గొట్టించు. తేడా కనబడితేనే డబ్బు పెట్టు.

అయినా అసలు పని వేరే ఉంది. సముద్రతీరానికి మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కనీసం ఎం30 రకం కాంక్రీటు, ఘనమీటరుకి 320 కిలోల సిమెంటు ఉండాలి, నీళ్లు సిమెంటు బరువులో 0.45 వంతుకి మించకూడదు, కవర్, అంటే ఊచ మీద కాంక్రీటు మందం, 45 మి.మీ. కెరటాల తుంపర నేరుగా పడే చోటైతే ఎం35, కవర్ 50. మేస్త్రి తెచ్చిన కవర్ బ్లాకుల మందం ఎంతో కొలిచి నాకు వెంటనే రాయి. అవి 20 మి.మీ. వైతే మాత్రం, మార్చేదాకా శ్లాబు పోయనీకు.

నీ,
సత్తిబాబు