ప్రవాహ పంపుల సామర్థ్యంపై తప్పుడు వివరాలు, ఎంపికలో తప్పుడు సలహా గురించి ఫిర్యాదు

అనంతపురం

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: అక్వేరియం కోసం మీ సంస్థ నుంచి కొన్న ఒక రిటర్న్ పంపు, రెండు వేవ్‌మేకర్లు (తొట్టి లోపలి నీటిని కదిలించే పంపులు) పెట్టె మీద ముద్రించిన ప్రకారం పనిచేయకపోవడం, కొనేముందు మీ సిబ్బంది తప్పుడు సలహా ఇవ్వడం, వాపసు తీసుకోవడానికి నిరాకరించడం.

ఆర్యా,

నేను అనంతపురంలో ఒక జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తున్నాను. మా ఇంట్లో నాలుగేళ్ళుగా సముద్రపు నీటి అక్వేరియం ఒకటి ఉంది. దాని పొడవు 120, వెడల్పు 50, ఎత్తు 50 సెంటీమీటర్లు. మొత్తం 300 లీటర్లు, రాళ్ళూ ఇసుకా పోను అందులో నిలిచే నీరు సుమారు 250 లీటర్లు. సముద్రం చూడని మా విద్యార్థులు పగడం అంటే ఉంగరంలో పొదిగే ఎర్ర రాయి అనుకుంటారు. అది ప్రాణి అని, నోరు తెరిచి తింటుందని, తాకితే ముడుచుకుంటుందని వాళ్ళు మొదటిసారి కళ్ళారా చూసేది ఈ తొట్టిలోనే. అందువల్ల దీన్ని నేను ఇంటి అలంకారంగా ఎన్నడూ చూడలేదు. జరిగిన నష్టం గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం కూడా అదే.

గత ఫిబ్రవరిలో పాత పంపులు అరిగిపోవడంతో కొత్తవి కొనదలచి మీ సలహా కేంద్రానికి ఫోన్ చేశాను. మాట్లాడిన వ్యక్తి నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: ‘ట్యాంక్ ఎన్ని లీటర్లు, మేడమ్?’ మూడు వందలు అని చెప్పగానే, రీఫ్ ట్యాంకుకు, అంటే పగడాల తొట్టికి, గంటకు దాని పరిమాణానికి యాభై రెట్లు నీరు తిరగాలని, కాబట్టి గంటకు 8,000 లీటర్ల వేవ్‌మేకర్లు రెండు, కింద ఉండే సంప్ (తొట్టి నీరు దిగి చేరే పెట్టె) నుంచి పైకి నీరు ఎక్కించడానికి 3,000 లీటర్ల రిటర్న్ పంపు ఒకటి సరిపోతాయని చెప్పారు. తొట్టిలో ఏయే జీవులు ఉన్నాయో, అద్దం మందం ఎంతో, సంప్ నుంచి నీరు ఎంత ఎత్తు ఎక్కాలో, మా ఊళ్ళో కరెంటు ఎలా ఉంటుందో ఆయన అడగలేదు. మీ పేజీలో ఉన్న ఎంపిక పట్టిక కూడా అదే మాట చెబుతోంది గనుక నమ్మి, మూడింటికీ కలిపి 14,600 రూపాయలు చెల్లించాను.

ముందుగా రిటర్న్ పంపు సంగతి చెబుతాను. బిగించిన రోజే పైకి వచ్చే ధార సన్నగా కనిపించింది. అనుమానం తీర్చుకోవడానికి 20 లీటర్ల బకెట్ పెట్టి, స్టాప్‌వాచ్‌తో మూడుసార్లు కొలిచాను. బకెట్ నిండటానికి 64, 66, 65 సెకన్లు పట్టింది. అంటే గంటకు దాదాపు 1,100 లీటర్లు. ఎత్తుకు ఎక్కేకొద్దీ ఏ పంపుకైనా ధార తగ్గుతుందని నాకు తెలుసు; మా ఇంట్లో సంప్ నుంచి తొట్టి అంచు వరకు 1.4 మీటర్ల ఎత్తు ఉంది, మధ్యలో రెండు మలుపులు ఉన్నాయి. అయినా మూడో వంతుకు పడిపోవడం నాకు మింగుడుపడలేదు. మీ కరపత్రంలోని గ్రాఫు ప్రకారం చూసినా ఆ ఎత్తులో దాదాపు రెండు వేల లీటర్లు రావాలి.

మరుసటి ఆదివారం పంపును పెద్ద టబ్బులో పెట్టి, అడుగు పొడవు పైపుతో, నీటి మట్టానికి సమానంగా పక్క బకెట్లోకి వదిలి చూశాను. 20 లీటర్లకు 29 సెకన్లు పట్టింది, అంటే గంటకు సుమారు 2,480 లీటర్లు. ఎత్తు అనేదే లేనప్పుడు కూడా పెట్టె మీది 3,000 రాలేదు. తరువాత మా అబ్బాయి పైపు చివర పట్టుకుని మిద్దె మెట్లు ఎక్కాడు. పెట్టె మీద గరిష్ఠ ఎత్తు 3 మీటర్లని ఉండగా, రెండు మీటర్లు దాటిన కాసేపటికే నీరు పైకి రావడం ఆగిపోయింది.

ఈ తేడాకు కారణం మీ కరపత్రంలోనే దొరికింది. పంపు ఒంటి మీది రేకుపై 220–240 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉంది. కరపత్రం చివరి పేజీలోని గ్రాఫు కింద మాత్రం చీమ తలకాయంత అక్షరాలతో 60 హెర్ట్జ్ అని ఉంది. ఇలాంటి ఏసీ పంపుల్లోని అయస్కాంతపు రోటరు, అంటే లోపల తిరిగే భాగం, కరెంటు ఫ్రీక్వెన్సీతో (హెర్ట్జ్‌లలో చెప్పేది ఇదే) పాటు తిరుగుతుంది: 60 హెర్ట్జ్ దగ్గర నిమిషానికి 3,600 చుట్లు తిరిగేది, మన దేశంలో సరఫరా అయ్యే 50 హెర్ట్జ్ దగ్గర 3,000 చుట్లే తిరుగుతుంది. వేగం ఆరింట ఐదు వంతులకు తగ్గితే ధార అదే నిష్పత్తిలో తగ్గుతుంది, నీటిని ఎత్తే శక్తి ఆ నిష్పత్తి వర్గంగా, అంటే దాదాపు 69 శాతానికి తగ్గుతుంది. 3,000 లీటర్లు 2,500 అవుతాయి. 3 మీటర్లు 2.1 మీటర్ల లోపు అవుతాయి. నా బకెట్ చెప్పిన లెక్క, మా మెట్లు చెప్పిన లెక్క అక్షరాలా ఇదే. కాబట్టి నాకు వచ్చిన పంపులో లోపం లేదు. వేరే దేశపు కరెంటుకు కొలిచిన అంకెను ఇక్కడి పెట్టె మీద అచ్చువేసి అమ్మడంలోనే లోపం ఉంది. భారతదేశంలో ఏ ఇంట్లోనూ రాని సామర్థ్యాన్ని చూపి ధర నిర్ణయించడాన్ని నేను పొరపాటు అని సరిపెట్టుకోలేను.

వేవ్‌మేకర్ల విషయం ఇంతకన్నా బాధాకరం. గంటకు యాభై రెట్లు అనే సూత్రం బలమైన అలల తాకిడికి పెరిగే కొమ్మల రాతి పగడాలను పెంచేవారు వాడుకునేది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద మన దేశంలో రాతి పగడాలకు రక్షణ ఉంది; నా తొట్టిలో అవి లేవు, ఉండకూడదు. నా దగ్గర ఉన్నవి లెదర్ కోరల్, మష్రూమ్ కోరల్, జోయాంథిడ్ల వంటి మెత్తని జాతులు. వీటికి గంటకు పది నుంచి ఇరవై రెట్లు నీరు తిరిగితే చాలునని పెంపకందారులందరూ చెప్పుకునేదే. చట్టాన్ని గౌరవించే భారతీయ కొనుగోలుదారుకు అక్కరలేని ప్రవాహాన్ని మీ పట్టిక ఎవరికోసం సిఫారసు చేస్తోందో నాకు అర్థం కాలేదు.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. పగడం కదలలేని ప్రాణి. ఊపిరికి ఆక్సిజన్, నోటికి ఆహారం తెచ్చిపెట్టేది నీరే. ఒంటి మీది జిగురును, వ్యర్థాలను మోసుకుపోయేది కూడా నీరే. అయితే ఆ నీరు ఒక్క దిక్కు నుంచి సూదిలా గుచ్చితే దాని కండ చిరుగుతుంది; వెడల్పుగా, ముందుకూ వెనక్కూ ఊగుతూ వస్తేనే దానికి మేలు జరుగుతుంది. మీరు పంపిన వేవ్‌మేకర్ల నుంచి వచ్చేది పొలంలో మందు కొట్టే గన్ను నుంచి వచ్చే ధార లాంటిది. వేగం తగ్గించే కంట్రోలరు లేదు. తిరిగితే పూర్తి వేగంతో తిరగడం, లేకుంటే ఆగిపోవడం. వారం తిరిగేలోపు ఎడమ మూలలో ఇసుక లేచిపోయి అడుగు అద్దం బయటపడింది, నెమ్మదైన నీటిని ఇష్టపడే మష్రూమ్ కోరళ్ళు మూడు రాయి వదిలి కొట్టుకుపోయాయి. ఇన్ని వేల లీటర్లు తిరుగుతున్నా రాళ్ళ వెనుక కుడి మూలలో మాత్రం నీరు కదలక, ఎర్రటి బంక లాంటి పొర పేరుకుంది.

ఆ మూలలోనే నా పెద్ద లెదర్ కోరల్ ఉండేది. ఈ జాతి అప్పుడప్పుడు ముడుచుకుని, ఒంటి మీద నుంచి మైనం లాంటి పలుచని పొరను వదులుతుంది. ప్రవాహం తగిలితే ఆ పొర కొద్ది రోజుల్లో ఊడిపోయి పగడం మళ్ళీ విచ్చుకుంటుంది. ఈసారి ఊడలేదు. పొర కింద నాచు పట్టి, అంచులు మెత్తబడి, నేను ఊపిరి బిగపట్టి చూస్తుండగానే కుళ్ళిపోయింది. నాలుగేళ్ళ క్రితం బొటనవేలంత ముక్కగా తెచ్చిన ఆ ప్రాణి అరచేతి కన్నా వెడల్పుగా పెరిగింది. అది విచ్చుకోలేదేమని మా పిల్లలు అడిగినప్పుడు నాకు మాట రాలేదు.

ఇక వేవ్‌మేకరును అద్దానికి అంటిపెట్టి ఉంచే అయస్కాంతపు పట్టు సంగతి. నా తొట్టి అద్దం 12 మిల్లీమీటర్ల మందం. ఒక రాత్రి ఒక వేవ్‌మేకరు జారి కిందపడి, తెల్లవార్లూ ఇసుకను చిమ్మింది. పొద్దున లేచి చూస్తే నీళ్ళు మజ్జిగలా ఉన్నాయి, చేపలు రెండూ పైమూలలో నక్కి ఉన్నాయి. పట్టు 8 మిల్లీమీటర్ల అద్దం వరకే పనిచేస్తుందని పెట్టె లోపలి కాగితంలో ఉంది. కొనేముందు చూసే పేజీలో ఆ మాట ఎక్కడా లేదు. పెట్టె తెరిచిన తరువాత మాత్రమే తెలిసే షరతును, పెట్టె తెరిచారనే కారణంతో వాపసు నిరాకరించే సంస్థ దాచిపెట్టడం న్యాయమేనా అని అడుగుతున్నాను.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రెండింటిలో ఒకటి వెనక్కి తిరుగుతూ గరగరలాడుతుంది. చిన్న ఏసీ పంపుల్లో రోటరు ఏ దిక్కుకైనా మొదలయ్యే అవకాశం ఉంటుంది, సరైన తయారీలో దాన్ని అడ్డుకునే ఏర్పాటు ఉంటుంది. ఇందులో అది లేదు, ఉన్నా పనిచేయడం లేదు. మా వంటి ఊళ్ళో, వేసవిలో నలభై డిగ్రీలు దాటే చోట ఇది చిన్న విషయం కాదు. 25 డిగ్రీల దగ్గరే లీటరు సముద్రపు నీటిలో ఇమిడే ఆక్సిజన్ సుమారు 6.7 మిల్లీగ్రాములు, మంచినీటి కన్నా తక్కువ. నీరు వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. పై మట్టాన్ని కదిలించే పంపు ఆగితే తొట్టి మొత్తం కొన్ని గంటల్లో ప్రమాదంలో పడుతుంది. బ్యాటరీ మీద నడిచే డీసీ రకం కూడా మీరే అమ్ముతున్నారని తరువాత తెలిసింది. ఊరి పేరు చెప్పినప్పుడైనా మీ సలహాదారు ఆ మాట చెప్పి ఉండవలసింది. ఇక్కడి బోరు నీటిలో ఫ్లోరైడు ఉంటుంది గనుక, ప్రతి లీటరూ ఆర్వోలో వడకట్టి, తొట్టి మొత్తానికి తొమ్మిది కిలోలకు పైగా ఉప్పు కలిపి మేము సముద్రాన్ని తయారు చేసుకుంటాం. చెడితే పక్కనున్న తీరానికి వెళ్ళి తెచ్చుకునే వీలు మాకు లేదు.

మీ సేవా కేంద్రానికి మూడుసార్లు ఫోన్ చేసి, రెండు ఈమెయిళ్ళు రాశాను. ‘ప్రవాహం అమరికను బట్టి మారుతుంది’ అనే ఒక్క వాక్యం తప్ప, 50 హెర్ట్జ్ గురించి నేను అడిగిన సూటి ప్రశ్నకు జవాబు రాలేదు.

నేను కోరుతున్నది ఇది. మూడు పంపులను మీ ఖర్చుతో వెనక్కి తీసుకుని, చెల్లించిన 14,600 రూపాయలు పూర్తిగా వాపసు చేయండి. చనిపోయిన పగడానికి నేను పరిహారం అడగడం లేదు. దానికి వెల కట్టే ఉద్దేశం నాకు లేదు. దాని బదులు, ఇక్కడ అమ్మే ప్రతి పంపు పెట్టె మీదా, పేజీ మీదా 50 హెర్ట్జ్ దగ్గర కొలిచిన ధారను, కనీసం ఒక మీటరు, ఒకటిన్నర మీటర్ల ఎత్తుల్లో వచ్చే ధారను, పట్టు ఎంత మందపు అద్దానికి ఆగుతుందో ఆ కొలతను ముద్రించండి. యాభై రెట్ల పట్టికను తీసివేసి, తొట్టి ఆకారం, జీవుల రకం, ధార వెడల్పు అడిగి తెలుసుకున్నాకే పంపు సూచించమని మీ సలహాదారులకు చెప్పండి. మీ దగ్గర వెడల్పు ధార ఇచ్చే డీసీ వేవ్‌మేకర్లు ఉన్నప్పుడు ఇది మీకు కష్టమైన పని కాదు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకమైన జవాబు ఇవ్వగలరు. అలా జరగని పక్షంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను. కొనుగోలుదారు నివసించే చోటే ఫిర్యాదు చేసుకునే వీలును, తప్పుదోవ పట్టించే ప్రకటనలపై చర్యను ఆ చట్టమే కల్పించింది.

బిల్లు నకలు, 50 హెర్ట్జ్ రేకు ఫొటో, 60 హెర్ట్జ్ గ్రాఫు ఉన్న కరపత్రపు పేజీ, బకెట్ కొలతల వీడియో, జారిపడిన వేవ్‌మేకరు ఫొటో దీనితో జతచేశాను. మూడు పంపులనూ ఉప్పు లేకుండా మంచినీటితో కడిగి, ఆరబెట్టి, వచ్చిన పెట్టెల్లోనే సర్ది ఉంచాను. కళాశాల నుంచి నేను వచ్చేది సాయంత్రం ఐదు తరువాత కనుక, మీ కొరియరు వారిని ఆ వేళకు పంపించగలరు.

ఇట్లు,
మీ వినియోగదారురాలు,
అనంతపురం